ఐరోపా వెళ్లే మన బిడ్డల కొరకు కొన్ని మాటలు



గత శ్రమల దినములలో ఒక శుక్రవారం, ఉపవాస ప్రార్థన ముగిసిన తరువాత ఒక కుటుంబం మా ఇంటికి వచ్చింది. తండ్రి కౌలు వ్యవసాయం చేస్తాడు. తల్లి స్త్రీల సమాజములో పాటలు ఎత్తి ఇస్తుంది. కుమార్తె నర్సింగు చదివి రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రెండేళ్లుగా పనిచేస్తోంది. "అయ్యగారూ, మా అమ్మాయికి జర్మనీ వీసా వచ్చేసిందండి. మీరు చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యాలండి" అని తల్లి సంచిలో నుండి ఫైలు తీసి బల్లమీద పెట్టింది.

మామూలుగా అయితే ఫైలు మీద చెయ్యి ఉంచి ప్రార్థించి, కాఫీ ఇచ్చి పంపేవాళ్లం. ఈసారి తెరిచి చదివాము. పాస్‌పోర్టులో అంటించిన వీసా మీద 'సి' అనే అక్షరం ఉంది. 'సి' అంటే చుట్టపు చూపు వీసా. ఐరోపాలో 29 దేశాలు కలిసి పెట్టుకున్న షెంగెన్ ఏర్పాటు కింద ఏ 180 రోజులలోనైనా 90 రోజులు మాత్రమే ఉండనిచ్చేది. దాని మీద ఉద్యోగం చేయకూడదు. ఉద్యోగానికి వెళ్లేవారికి ఇచ్చే దీర్ఘకాల వీసా మీద 'డి' అని ఉంటుంది. "అక్కడికి వెళ్లాక మార్పించేస్తామన్నారండి" అన్నాడు తండ్రి. చుట్టపు చూపుగా వెళ్లినవారికి అక్కడే ఉద్యోగ వీసాగా మార్చి ఇచ్చే పద్ధతి మామూలుగా లేదు. తిరిగి వచ్చి, ఇక్కడి నుండి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవలసిందే.

ఆ అమ్మాయి వెళ్లలేదు. కొబ్బరితోట తాకట్టు పెట్టి ఏజెంటుకు కట్టిన నాలుగు లక్షలలో లక్షన్నర తిరిగి వచ్చింది. మిగిలినదాని కొరకు తండ్రి ఇంకా తిరుగుతున్నాడు.

ఫైలు ఎందుకు తెరిచామో కూడా ఒప్పుకోవాలి. ఐదేళ్ల క్రితం ఇలాగే ఒక యువకుని కాగితాల మీద చదవకుండా చెయ్యి ఉంచి ప్రార్థన చేశాము. సంఘము ముందు నిలబెట్టి సాక్ష్యం కూడా చెప్పించాము. అతడు ఒక తూర్పు ఐరోపా దేశంలో దిగి, చెప్పిన ఉద్యోగం లేక, గడువు దాటిపోయి, ఒక గోదాములో దాగి పనిచేసి, చివరకు టిక్కెట్టుకు ఇంటివారే డబ్బు పంపితే తిరిగి వచ్చాడు. ఆ మరుసటి ఆదివారం అతని తల్లి మా ముఖం చూడలేదు. మేమూ ఆమె ముఖం చూడలేకపోయాము. అప్పటి నుండి కాగితం చదివిన తరువాతే ప్రార్థన.

మన డెల్టాకు విదేశం కొత్త కాదు. రాజోలు, నర్సాపురం, పాలకొల్లు వైపు ఏ ఊరికి వెళ్లినా కువైటు, దుబాయి, మస్కటు వెళ్లి వచ్చినవారు ఉంటారు. ఇళ్లలో పనిచేసి, వంట చేసి, బండి నడిపి, ఇక్కడ స్లాబు ఇల్లు వేసి, ఆడపిల్ల పెళ్లి చేసినవారు మా సంఘములోనే ఎందరో. ఆ అనుభవం వల్లనే ఐరోపాను కూడా మరో కువైటుగా చూస్తున్నాము. పొరపాటు అక్కడే మొదలవుతోంది. గల్ఫుకు వెళ్లేవారు తిరిగి రావడానికే వెళతారు. ఎన్నేళ్లు పనిచేసినా ఆ దేశము వారిని తనవారిగా చేసుకోదు. ఐరోపాలో నిలదొక్కుకున్నవారు అక్కడే ఇల్లు చూసుకుంటారు, బిడ్డలను అక్కడే బడిలో వేస్తారు, కొన్నేళ్లకు పౌరసత్వమూ పుచ్చుకోవచ్చు. కాబట్టి అక్కడికి పంపే తల్లిదండ్రులు తాము బిడ్డను రెండేళ్లకు పంపుతున్నామా, ఒక జీవితకాలానికి పంపుతున్నామా అని ముందుగా అనుకోవాలి.

మరొక తేడా ఉంది. గల్ఫు దేశాలతో సహా కొన్ని దేశాలకు పనికి వెళ్లేవారిలో పదవ తరగతి పాసు కానివారు, ఏ చదువు ఉన్నా నర్సులు, ప్రభుత్వం వారి వలస అనుమతి తీసుకొని వెళ్లాలి. ఐరోపా దేశాలు ఆ జాబితాలో లేవు. మనవారు ఇది సులువనుకుంటారు. నిజానికి ఒక కాపలాదారు తక్కువైనట్టే. 1983 వలసల చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు ఎవరైనా కేంద్ర ప్రభుత్వం నుండి లైసెన్సు పొంది ఉండాలి. ఆ లైసెన్సు నంబరు ప్రభుత్వం వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో సరిచూచుకోవచ్చు. ఏజెంటు తీసుకోదగిన ఫీజు 30,000 రూపాయలు, దానిమీద జి.ఎస్.టి. అంతే. నాలుగు లక్షలు, ఎనిమిది లక్షలు అడిగేవాడు ఆ అడగడంలోనే తానెవరో చెప్పుకుంటున్నాడు. రశీదు అడగండి. రశీదు ఇవ్వనివాడు ఆదివారం మనతో కలిసి బల్లలో పాలుపొందేవాడైనా సరే, డబ్బు ఇవ్వవద్దు. ఈ మాట అనడానికి మాకు కారణం ఉంది.

ఇంగ్లండు సంగతి ఒక మాట. వృద్ధులకు సేవచేసే కేర్ వర్కరు పని పేరుమీద 2022, 2023 సంవత్సరాలలో మనవారు చాలామంది అక్కడికి వెళ్లారు. విదేశాల నుండి కొత్తగా ఆ పనికి తీసుకోవడాన్ని ఆ ప్రభుత్వం 2025 జూలైలో ఆపివేసింది. ఇప్పటికీ ఆ పేరుతో డబ్బు వసూలు చేసేవారు ఉంటే నమ్మవద్దు. చదువుకున్న నర్సులకు మాత్రం ఆ ద్వారం ఉంది. అయితే ఇంగ్లీషు పరీక్ష, వృత్తి పరీక్ష రెండూ నెగ్గాలి.

ఇక జర్మనీ. మూడేళ్ల క్రితం ఒక సంఘము ఆహ్వానం మీద మేము హాంబర్గు పట్టణములో ఆరు వారాలు ఉన్నాము. నవంబరు నడుమ వెళ్లి క్రిస్మసు తరువాత తిరిగి వచ్చాము. అక్కడ పనిచేస్తున్న మన డెల్టా అమ్మాయిలను ముగ్గురిని కలుసుకొని, వారి గదులలో అన్నం తిని, వారు చెప్పినవి రాసుకొని తెచ్చుకున్నాము. ఈ వ్యాసములో ఉన్నదంతా వారి పుణ్యమే.

హాంబర్గుకు మనకు పాత చుట్టరికం ఉందని చాలామందికి తెలియదు. ఉత్తర జర్మనీ మిషనరీ సంఘము 1836లో ఆ పట్టణములోనే ఏర్పడింది. ఆ సంఘము పంపిన వాలెట్ గారు 1840వ దశకములో రాజమండ్రిలో పని మొదలుపెట్టారు. 1850 ప్రాంతంలో ఆ పని అమెరికా లూథరను వారి చేతికి వచ్చింది. అప్పటికే గుంటూరులో 1842 నుండి హయ్యరు గారు ఉన్నారు. నేటి ఆంధ్ర సువార్త లూథరను సంఘమునకు మూలం అది. అదే 1836లో ఇంగ్లండు నుండి బౌడెను, బీరు దంపతులు ఓడెక్కి వచ్చి నర్సాపురం, పాలకొల్లు ప్రాంతంలో స్థిరపడ్డారు. వారు వచ్చేనాటికి ధవళేశ్వరం ఆనకట్ట కూడా లేదు. మన ఎండ, మన దోమ, మన నీరు వారికి తెలియవు. వచ్చినవారు మొదట చేసిన పని తెలుగు నేర్చుకోవడం. మాట రానిదే వాక్యము చెప్పలేరు, మందు ఇవ్వలేరు, బజారులో ఉప్పు కొనలేరు. నూట తొంభై ఏళ్ల తరువాత మన పిల్లలు వారి ఊళ్లకు వెళుతున్నారు. ఇప్పుడు నేర్చుకోవడం మన వంతు.

భాష గురించి కొంచెం ఎక్కువగా చెబుతాము, ఎందుకంటే మిగిలిన కష్టాలలో సగం దీనిలో నుండే పుట్టాయని ఆ ముగ్గురూ చెప్పారు. జర్మను భాషకు ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2 అని మెట్లు ఉన్నాయి. నర్సుగా పూర్తి గుర్తింపు పొందడానికి సాధారణంగా బి2 అడుగుతారు. బి1తో వెళ్లి, సహాయకురాలిగా పనిచేస్తూ అక్కడ బి2 పూర్తిచేసేవారూ ఉన్నారు. ఇంటరు చదివి, జీతం తీసుకుంటూ మూడేళ్లు నర్సింగు నేర్చుకొనే పద్ధతి కూడా ఒకటి ఉంది. దానికి కూడా బి1 వరకు రావాలి. పరీక్షలు హైదరాబాదులోని గోథే కేంద్రంలోను, చెన్నైలోను జరుగుతాయి. మొదటి మెట్టు నుండి బి2 వరకు రావడానికి మన పిల్లలకు ఏడాది నుండి ఏడాదిన్నర పడుతోంది. "మూడు నెలల్లో నేర్పించేస్తామండి" అని బోర్డు పెట్టినవారు నేర్పేది పరీక్ష, భాష కాదు.

జర్మను వాక్యంలో చాలాచోట్ల క్రియ చివరకు పోతుంది. తెలుగువారికి అది కొత్త కాదు. పెద్దవారిని మన్నించి పిలిచే 'సీ', దగ్గరివారిని పిలిచే 'డూ' ఉన్నాయి. మన 'మీరు', 'నువ్వు' లాంటివే. ఇంగ్లీషువారికి కష్టమైనది మనకు సులువు. కష్టమంతా అంకెలతో. వారు యాభై మూడు అనరు. 'మూడూ యాభై' అంటారు. ముప్పై అయిదును 'అయిదూ ముప్పై' అంటారు. మందు మోతాదు ఫోనులో చెబుతుంటే 53 అని రాయవలసిన చోట 35 అని రాస్తే ఏమవుతుందో నర్సులకు మేము చెప్పనక్కరలేదు. ముగ్గురిలో ఒక అమ్మాయి మొదటి ఆరు నెలలు ప్రతి అంకెనూ వేలితో చూపించి మళ్లీ అడిగేదట. తోటివారు విసుక్కున్నా అడిగేదట. ఆ అమ్మాయి పట్ల మాకు గౌరవం కలిగింది.

పరీక్ష పాసైనంత మాత్రాన అయిపోదు. ఆ వైపు ముసలివారిలో కొందరు ఇంకా 'ప్లాట్' అనే పాత యాస మాట్లాడతారు. పుస్తకంలో తెలుగు నేర్చుకున్న దొరగారు ఆత్రేయపురం మామ్మగారి మాట ఎంత అర్థం చేసుకోగలరో, అంతే ఇది కూడా. దానియేలును, అతని స్నేహితులను బబులోనుకు తీసుకొనిపోయినప్పుడు మొదట కల్దీయుల భాష, విద్య నేర్పించారని, దానికి మూడేళ్లు పెట్టారని మనము ఆదివారపు బడిలో చదువుకున్నాము. ఆ మూడేళ్ల మీద మేము ఇంతవరకు ఒక్క ప్రసంగమైనా చేయలేదు. సింహాల గుహ దగ్గరకే త్వరపడి పోయేవాళ్లం.

పని కూడా ఇక్కడివలె ఉండదు. మన ఆసుపత్రులలో రోగిని కడగడం, తినిపించడం, పక్క మార్చడం ఎక్కువగా ఆయాలు, రోగి బంధువులు చేస్తారు. నర్సు ఇంజెక్షను, సెలైను, రికార్డు చూసుకుంటుంది. జర్మనీలో బంధువులు మంచం పక్కన ఉండరు. స్నానం, భోజనం, మలమూత్రాలు అన్నీ నర్సు పనిలో భాగమే. బి.ఎస్సీ. చదివి వెళ్లిన అమ్మాయిలకు ఇది మొదట అవమానంగా తోస్తుంది. "నాన్నగారికి చెప్పలేదండి, ఏడుస్తారని" అంది ఒకామె. మేము ఆమెకు యోహాను సువార్త పదమూడవ అధ్యాయం గుర్తుచేశాము. ఆమె నవ్వి, "ఆయన ఒక్క రాత్రే కడిగారండి, మాది రోజూ షిఫ్టు" అంది. మాకు జవాబు రాలేదు.

హాంబర్గు గుండా ఎల్బా నది పోతుంది. పెద్ద ఓడరేవు. అయినా రాజమండ్రిలో గోదావరి చూచిన కళ్లకు అది కాలువ కంటే కొంచెం పెద్దదిగానే కనిపిస్తుంది. డిసెంబరులో అక్కడ ఉదయం ఎనిమిదిన్నరకు గాని తెల్లవారదు. సాయంత్రం నాలుగు గంటలకు పొద్దు కుంకుతుంది. ఆ మధ్యలో కూడా సూర్యుడు కనబడితే గొప్పే. జూనులో అయితే రాత్రి పదికి కూడా వెలుతురు ఉంటుంది. చలి మనము అనుకున్నంత భయంకరం కాదు. స్వెట్టరు, కోటు, తడవని బూట్లు ఉంటే తట్టుకోవచ్చు. వాటిని ఇక్కడ కొనకండి, ఇక్కడివి అక్కడి వానకు ఆగవు. కష్టం చీకటితో. ఉదయం చీకట్లో పనికి వెళ్లి సాయంత్రం చీకట్లో వస్తే, మొదటి శీతకాలంలో నెమ్మదిగా మనసు కుంగిపోతుంది. నిద్ర ఎక్కువవుతుంది, మాట తగ్గుతుంది. ఇది విశ్వాసలోపం కాదు. వెలుతురు లేకపోవడం. ఫోనులో బిడ్డ మాట పొడిపొడిగా వస్తే "ప్రార్థన చేసుకుంటున్నావా" అని గద్దించే ముందు, పగటిపూట కొంచెంసేపైనా బయట నడుస్తోందా, డాక్టరును కలిసిందా అని అడగండి. వారి గడియారం శీతకాలంలో మనకంటే నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు వెనుక ఉంటుంది. ఇక్కడ ఉదయ ప్రార్థన అయ్యాక మీరు ఫోను చేస్తే అక్కడ అర్ధరాత్రి.

పెట్టె సర్దేటప్పుడు తల్లులు తెలుసుకోవలసినది. బయటి దేశాల నుండి ఐరోపా యూనియనులోకి మాంసము, పాల పదార్థాలు తేనివ్వరు. కోడి పచ్చడి, నెయ్యి డబ్బా, పాలకోవా విమానాశ్రయంలో చెత్తబుట్టలోకి పోతాయి. పచ్చి కరివేపాకు, మామిడిపండు కూడా తనిఖీ పత్రం లేనిదే పోనివ్వరు. రొయ్యల పచ్చడికి, ఎండు చేపలకు అడ్డు లేదు. చేపలు మనిషికి 20 కిలోల వరకు అనుమతి ఉంది. వాసనకు పక్కింటివారు అనుమతి ఇవ్వరు, అది వేరే సంగతి. పళ్లలో అయిదింటికి మాత్రం పత్రం అక్కరలేదు. అనాసపండు, అరటిపండు, ఖర్జూరం, డూరియను అనే ఒక పండు, కొబ్బరికాయ. మన కోనసీమ కొబ్బరికాయ ఆ జాబితాలో ఉందని తెలిసినప్పుడు మాకు కలిగిన సంతోషం కొంచెం చిన్నపిల్లల సంతోషమే. బియ్యము, పప్పు, కారం అక్కడి ఆసియా దుకాణాలలో దొరుకుతాయి. వాటితో పెట్టె నింపకండి. రోజూ వేసుకొనే మందులుంటే డాక్టరు చీటీతో సహా పెట్టండి.

అక్కడ ఇల్లు దొరకడం ఉద్యోగం దొరకడం కంటే కష్టం. అద్దెలో 'చల్లని అద్దె', 'వెచ్చని అద్దె' అని రెండు లెక్కలు ఉంటాయి. మొదటిది గోడలకు, రెండవది నీరు, వెచ్చదనం కలిపి. బయానా మూడు నెలల చల్లని అద్దె వరకు అడగవచ్చు. టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికి నెలకు 18 యూరోలకు పైగా ప్రసారాల రుసుము కట్టాలి. చెత్తను కాగితం, ప్లాస్టిక్, గాజు, కుళ్లేది అని వేరువేరు తొట్లలో వేయాలి. నీళ్ల సీసా కొన్నప్పుడు సీసాకు 25 సెంట్లు అదనంగా పుచ్చుకొని, ఖాళీ సీసా తెచ్చి ఇస్తే తిరిగి ఇస్తారు. సభలకు వచ్చిన జనం వదిలిపోయిన సీసాలు తెల్లవారుజామున ఏరే మాకు ఆ పద్ధతి ఎంతో నచ్చింది.

రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు నిశ్శబ్దం పాటించాలి. ఇక్కడే మన విశ్వాసులకు చిక్కు. ఒక గదిలో పదిమంది తెలుగు పిల్లలు చేరి, రాత్రంతా ప్రార్థన అని మొదలుపెట్టి, పన్నెండు గంటలకు చప్పట్లతో పాటలు ఎత్తుకుంటే కింది ఇంటి ముసలాయన పోలీసులకు ఫోను చేశాడట. పోలీసులు వచ్చి మర్యాదగానే చెప్పి వెళ్లారట. ఆ పిల్లలు దానిని శ్రమ అని, హింస అని ఇంటికి రాశారు. మేము అలా అనుకోము. మైకు పెట్టి ఊరంతా వినిపించడం మనకు అలవాటైపోయింది. గదిలో తలుపు వేసుకొని ప్రార్థించడం కూడా మన ప్రభువు నేర్పినదే కదా.

ఆదివారం అక్కడ దుకాణాలు మూసి ఉంటాయి. శనివారమే కూరగాయలు తెచ్చుకోవాలి. ఆదివారం గోడకు మేకు కొట్టినా పక్కవారు ఊరుకోరు. విశ్రాంతి దినమని ఆ దేశపు రాజ్యాంగములోనే ఉంది. చట్టము ఆదివారాన్ని కాపాడుతోంది గాని మేము వెళ్లిన పెద్ద దేవాలయంలో ఆ ఉదయం నలభై మందే ఉన్నారు. అందులో సగం మంది డెబ్బై దాటినవారు. ఆరాధన యాభై నిమిషాలలో ముగిసింది. చెప్పులు విడువలేదు. స్త్రీలు ముసుగు వేసుకోలేదు. అందరూ కలిసి కూర్చున్నారు. ముగిసిన తరువాత కాఫీ పోసి, "మీ ఊరిలో నది ఉందా" అని ఒక ముసలామె మమ్ములను అరగంట అడిగింది. మన పిల్లలు అక్కడికి ఒకసారి వెళ్లి, "ఆత్మ లేదండి" అని మానుకుంటున్నారు. నాలుగు ఆదివారాలు వరుసగా వెళ్లండి అని మా మనవి. ఆ కాఫీ దగ్గరే ఇల్లు దొరికిన అమ్మాయి మాకు తెలుసు.

ఇంకొక సంగతి దాచకుండా మాట్లాడాలి. జర్మనీలో ఇల్లు చేరిన రెండు వారాలలోగా పట్టణ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి. ఆ ఫారములో మతం అడుగుతారు. లూథరను లేక ప్రొటెస్టెంటు అని రాస్తే సంఘపు పన్ను మొదలవుతుంది. జీతం మీద కాదు, కట్టే ఆదాయపు పన్నులో నూటికి 9 వంతులు, రెండు రాష్ట్రాలలో 8 వంతులు. నెలకు 300 యూరోల ఆదాయపు పన్ను కట్టేవారికి 27 యూరోలు. జీతంలో నుండే పట్టుకొని ప్రభుత్వం సంఘమునకు అందిస్తుంది. స్వతంత్ర సంఘాలకు, మన తెలుగు సహవాసాలకు ఈ పన్ను లేదు, అక్కడ కానుకలే.

ఒక అమ్మాయి ఆ కౌంటరు దగ్గర తెల్లబోయి నిలబడిందట. ఇంటి దగ్గర చిన్నప్పటి నుండి సర్టిఫికెట్టులో ఒక మతం, సంఘపు రిజిస్టరులో ఒక మతం. ఎక్కడ ఏది చెప్పాలో తల్లి నేర్పించింది. ఇక్కడ ఏది చెప్పాలో ఎవరూ నేర్పలేదు. మన ఇండ్లలో అందరికీ తెలిసి, ఎవరమూ పైకి అనని సంగతి ఇది. 1950 నాటి ఉత్తర్వు మన బీద కుటుంబాలను ఎక్కడ నిలబెట్టిందో మాకు తెలుసు. ఈ పేజీలో ఎవరికీ తీర్పు చెప్పబోము. అయితే పన్ను తప్పించుకోవడానికి 'ఏ మతమూ లేదు' అని రాయమని స్నేహితులు సలహా ఇస్తారు. వెళ్లేముందు ఇంటిలో కూర్చొని మాట్లాడుకొని, ఏమి రాయాలో నిశ్చయించుకొని వెళ్లండి. రోజూ వంట బియ్యంలో నుండి పిడికెడు తీసి దేవునికి దాచిన తల్లి బిడ్డలకు 27 యూరోలు పెద్ద బరువని మేము అనుకోము.

కుటుంబంతో వెళ్లేవారు బిడ్డల సంగతి తెలుసుకోవాలి. జర్మనీలో 2000 సంవత్సరం నుండి తల్లిదండ్రులైనా బిడ్డను కొట్టరాదని చట్టం ఉంది. బడికి పంపక ఇంట్లో చదివించడం కూడా కుదరదు. సామెతలలోని బెత్తం మాట ఎత్తి వాదించేవారు మనలో ఉన్నారు. మేమూ ఒకప్పుడు వాదించినవాళ్లమే. మా పెద్దవాడిని కొట్టిన రోజులు తలుచుకుంటే ఇప్పుడు ఆ చట్టం మాకు ముందే తెలిసి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

తల్లిదండ్రులకు ఒక్క మాట. యూరోలను రూపాయలలోకి మార్చి ఊరంతా చెప్పుకోకండి. పన్నులు, పింఛను, ఆరోగ్య బీమా పోగా ఒంటరిగా ఉన్నవారి చేతికి వచ్చేది జీతంలో మూడింట రెండు వంతులకు అటూఇటూ. అందులో అద్దె పోతుంది. హాంబర్గులో మేము అన్నం తిన్న గదిలో ఒక మంచం, ఒక కుర్చీ ఉన్నాయి. ఆ అమ్మాయి మంచం మీద కూర్చొని మాకు కుర్చీ ఇచ్చింది. ఇంటికి ఎంత పంపుతున్నావమ్మా అని అడిగితే, మిగిలినదంతా అంది. శీతకాలపు కోటు ఇంకా కొనుక్కోలేదు. ఊరిలో రెండో అంతస్తు లేస్తోంది. మేము తిరిగి వచ్చి ఆ తండ్రితో మాట్లాడాము. "మాకు చెప్పలేదండి అయ్యగారూ" అని ఆయన చాలాసేపు తల వంచుకొని కూర్చున్నాడు. ఇటుక పని ఆగింది. కోటు కొన్నదని తరువాత ఫోటో పంపింది.

చివరగా మా వైపు నుండి చేయవలసిన పని ఒకటి ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు విప్పి రాస్తారు, పదవ తరగతి సర్టిఫికెట్టులో పొడి అక్షరం ఉంటుంది, బాప్తిస్మపు రిజిస్టరులో అసలు వేరే పేరు ఉంటుంది. మరియమ్మ అని మేము రాసుకున్న బిడ్డ బడిలో మాధవి. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా నర్సింగు గుర్తింపు కాగితాలు నెలల తరబడి ఆగిన సందర్భాలు ఉన్నాయి. సర్టిఫికెట్టుల పేర్లు సరిచేయించుకోవడం ఇక్కడ ఉండగానే సులువు. కొబ్బరితోట వారి అమ్మాయి ఇప్పుడు హైదరాబాదులో జర్మను నేర్చుకుంటోంది. బి1 అయింది. ఆమె రిజిస్టరు పేజీ తీసి చూస్తే అక్కడా రెండు అక్షరాలు తేడా కనబడ్డాయి. మా సంఘము నుండి విదేశం వెళ్లదలచినవారు కనీసం ఆరు నెలల ముందు పాస్‌పోర్టు, సర్టిఫికెట్టులు తీసుకొని రావలెనని కోరుతున్నాము. ప్రతి ఆదివారం ఆరాధన తరువాత రిజిస్టరు బల్లమీద ఉంటుంది. వీసా కాగితం కూడా తీసుకొని రండి, కలిసి చదువుదాము.